స్టాంపు పడని ప్రొపెల్లర్

జూన్ 4

మరదలు పిల్లా,

నువ్వు నీళ్లు దాటి ఆ దీవికి వెళ్లి నెల అయింది. "చేరాను, బాగున్నాను, ఇక్కడ గాలి ఎక్కువ" అని మూడు ముక్కలు రాసి పడేశావు. మాటకింతని లెక్కగట్టి రాస్తున్నావా ఏంటి? ఫోను చేద్దామంటే అక్కడ సిగ్నల్ లేదంటావు. మంగళవారం, శుక్రవారం అక్కణ్ణుంచి ఇక్కడికొచ్చి సాయంత్రానికి తిరిగెళ్లే ఆ పంతొమ్మిది సీట్ల విమానమే దిక్కు, మనుషులకైనా ఉత్తరాలకైనా.

నిన్న పక్కింటావిడ నన్ను మెట్ల మీద ఆపేసింది.

"మీ ఆడపడుచు ఏం చేస్తుందండీ?"

"విమానాల దగ్గర మెకానిక్కు."

"ఎయిర్‌హోస్టెస్సా?"

"కాదమ్మా, మెకానిక్కు."

"అంటే టికెట్లు చింపుతుందా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆడదాని చేతిలో ట్రే తప్ప పానా ఊహించలేని బుర్రలతో ఈ సమాజం ఎటు పోతుందని అక్కడికక్కడే పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ ఓపిగ్గా అంతా విని, "సరేనండీ, ఇంతకీ ఏం రిపేరు చేస్తుంది?" అంది. నోరు తెరిచాను. "ఫ్యాన్లు" అన్నాను. "మా హాల్లో ఫ్యాను కిర్రుమంటోంది, వచ్చినప్పుడు ఓసారి చూడమనండి" అంది.

చెప్పు, నా పరువేం కావాలి? ఇరవై రెండేళ్లుగా వారపత్రికలో కార్మికుల గురించి కాలమ్ రాస్తున్నాను. ఒక్కసారి కూడా 'సవరణ' అని వేయించుకునే అవసరం రాలేదు. అలాంటిదానికి సొంత ఆడపడుచు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తుందో తెలియదు! వెంటనే రాయి. నాకే కాదు, మీ అన్నకి కూడా అర్థమయ్యేలా రాయి. మీ అన్న కులాసా. స్కూలు యూనిఫారాల ఆర్డరు వచ్చింది, ఇల్లంతా నీలం గుడ్డ ముక్కలే. మెడలో టేపు వేసుకుని టేపు కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు.

కోపంతోనే, కానీ నీ మీద కాదు,
వదిన

*

జూన్ 9

వదినా,

ముందు పక్కింటావిడకి చెప్పు, కిర్రుమంటే బేరింగులో రెండు చుక్కలు నూనె వేయమని. అంతకంటే ఏం లేదు.

నేను పనిచేసే విమానాల షెడ్డుకి, అంటే హ్యాంగరుకి, రెండు వైపులే గోడలు. మిగతా రెండు వైపులా గాలే. పనిముట్లు తగిలించే చెక్క మీద ఒక్కో పానాకి దాని ఆకారంలో తెల్లరంగు గీత ఉంటుంది. సాయంత్రం ఒక్క గీత ఖాళీగా కనిపించినా ఎవరూ ఇంటికి కదలకూడదు, పానా విమానంలో ఉండిపోయిందేమోనని. స్టేషన్ మేనేజరుని మేం 'గడియారం సారు' అంటాం. నీతో మాట్లాడుతూ కూడా మణికట్టే చూసుకుంటాడు. ఆయన గోడకి ఒక నల్ల బోర్డు కొట్టించాడు: "ఆలస్యం లేకుండా 41 రోజులు". రోజూ పొద్దున్నే తనే చెరిపి, తనే రాసి, తనే మురిసిపోతాడు.

ఇక నా పని. పడవ తెడ్డు తెలుసుగా? నీళ్లలో దాన్ని అంచుగా తోస్తే సర్రున పోతుంది, పడవ మాత్రం కదలదు. వెడల్పుగా పెడితే నీళ్లు దండిగా పడతాయి, చేతులు నొప్పెడతాయి, పడవ దూసుకుపోతుంది. మా ప్రొపెల్లర్ బ్లేళ్లు కూడా అంతే. ఒక్కో బ్లేడు మొదలు దగ్గర మెలి తిరగగలదు, ఒకసారి తక్కువ గాలి కరిచేలా, ఒకసారి ఎక్కువ కరిచేలా.

ఇప్పుడు అన్నయ్య మిషను దగ్గర కూర్చుని చూడు. పల్చటి గుడ్డైనా మందపాటి గుడ్డైనా ఆయన కాలు ఒకే లయలో ఆడుతుంది. గుడ్డ మందమైతే బలం ఎక్కువ పెడతాడు గానీ లయ మార్చడు. మాదీ ఆ లెక్కే. టేకాఫ్‌లో ప్రొపెల్లర్ నిమిషానికి పదిహేడు వందల చుట్లు తిరగాలి, అంతే. కెప్టెన్ ఇంజను బలం పెంచితే ప్రొపెల్లర్ ఇంకా జోరుగా తిరగబోతుంది. ఆ జోరు మొదలవుతుండగానే బ్లేళ్లు కాస్త వాలి ఎక్కువ గాలిని కరుస్తాయి. బరువు పెరిగేసరికి జోరు అణుగుతుంది. చుట్లు అవే, తోపుడు మాత్రం ఎక్కువ. బలం తగ్గిస్తే బ్లేళ్లు తేలికపడి చుట్లని నిలబెడతాయి.

ఇదంతా చేసేది రెండు చేతుల్లో ఇమిడే ఒక డబ్బా. దాని పేరు గవర్నర్. ఆ పేరు వినగానే చిర్రెత్తకు, నువ్వు తిట్టే పెద్దమనిషికీ దీనికీ చుట్టరికం లేదు. ఇది రోజూ పనిచేస్తుంది. లోపల రెండు బుల్లి బరువులు ప్రొపెల్లర్‌తోపాటే తిరుగుతుంటాయి. చుట్లు పెరిగితే బయటికి విచ్చుకుంటాయి. వాటిని లోపలికి అదిమే స్ప్రింగు ఒకటి ఉంటుంది. దాన్ని ఎంత బిగించాలో కెప్టెన్ లివరుతో చెబుతాడు. బరువులు నెగ్గితే, బ్లేళ్లన్నీ కలిసే ప్రొపెల్లర్ హబ్‌లోని ఆయిలు బయటికి పోయి బ్లేళ్లు ఎక్కువ గాలి కరుస్తాయి. స్ప్రింగు నెగ్గితే ఆయిలు లోపలికొచ్చి బ్లేళ్లు తేలికవుతాయి. ఎగిరినంతసేపూ ఈ కుస్తీ నడుస్తూనే ఉంటుంది. ఎవరూ పూర్తిగా నెగ్గరు కాబట్టే చుట్లు చూపే మీటరులో సూది కదలదు.

మరి ఆయిలు మొత్తం పోతే? అప్పుడు ఇంకో పెద్ద స్ప్రింగు బ్లేళ్లని పూర్తిగా గాలికి అంచు చూపేలా తిప్పేస్తుంది, చచ్చిన ఇంజను విమానాన్ని వెనక్కి లాగకుండా. దాన్నే ఫెదర్ అంటాం. నిన్న కుడి ప్రొపెల్లర్ అలా ఫెదర్‌లోకి వెళ్లింది. బ్లేళ్లు ఒక్కసారిగా అంచుకి తిరిగాయి, చుట్లు పడిపోయాయి. పొడుగు కెప్టెన్ కిటికీలోంచి నాకు బొటనవేలు చూపించాడు. ఎంత ముచ్చటగా ఉంటుందో!

ఒక్కటే చికాకు. ఎడమ ప్రొపెల్లర్ సూది ఇరవై, ముప్పై చుట్లు అటూ ఇటూ ఊగుతోంది. గడియారం సారు "మీటరు ముసలిదైపోయిందమ్మా" అంటాడు. చూడాలి.

అన్నయ్య టేపు మెడలోనే ఉందని చెప్పు.

నీ స్పానరు మరదలు

*

జూన్ 12

ఓసి నా బంగారూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేదు, ఎందుకంటే అప్పటికే కాలమ్ రాయడం మొదలుపెట్టేశాను.

నీకు తెలియదు, నువ్వు నాకు ఎంత పెద్ద ఆయుధం ఇచ్చావో. చుట్లు అవే, కరిచే గాలి మాత్రం పెరుగుతుంది! ఇంతకంటే ఏం కావాలి? మా ప్రెస్సులో ముగ్గురు చేసే పని ఇప్పుడు ఒక్కడు చేస్తున్నాడు. గంటలు అవే, హాజరు పట్టీ అదే. పైవాడు పట్టీ చూసి "ఏం మారిందండీ, అంతా మామూలే కదా" అంటాడు. సూది కదలదు, నడ్డి విరుగుతుంది. అదే శీర్షిక పెట్టాను.

అక్కడితో ఆగానా? చివరి పేరా విను: "మొన్న ఆకాశంలో ఒక ప్రొపెల్లర్ చుట్లు పడిపోయాయి. పంతొమ్మిది మంది ప్రాణాలు గాల్లో దీపమయ్యాయి. యాజమాన్యం నోరు మెదపలేదు. ఇంకో ప్రొపెల్లర్ సూది ఊగుతుంటే మీటరు ముసలిదైందని బుకాయిస్తోంది. ముసలిదైంది మీటరు కాదు, మీ మనస్సాక్షి!" ఎలా ఉంది?

కంగారుపడకు, నీ పేరు గానీ ఊరి పేరు గానీ ఎక్కడా రాయలేదు. "వారానికి రెండుసార్లు నీళ్లు దాటే పంతొమ్మిది సీట్ల విమానం" అని మాత్రమే అన్నాను.

మీ అన్న ఉన్నాడుగా, "అచ్చుకి ఇచ్చేముందు దానికోసారి చూపించకూడదా" అని ఒకటే సణుగుడు. పత్రిక వచ్చేది శనివారం, నీ జవాబు వచ్చేసరికి ఏ మంగళవారమో అవుతుంది. నిజం అంతవరకూ ఆగుతుందా? ఆగదు అన్నాను. ఆయన బొత్తాలు కుట్టుకుంటున్నాడు.

గాల్లో అంత గండం గడిచినా "ఎంత ముచ్చటగా ఉంటుందో" అని రాశావు చూడు, నీ గుండె ధైర్యానికి దండం.

గర్వంతో,
వదిన

*

జూన్ 14

వదినా,

ఈ ఉత్తరం ఇవాళ బయలుదేరాల్సింది. బయలుదేరలేదు. కారణం నేనే.

మీటరు ముసలిదన్నారు కదా, సరే, ఎడమ మీటరు తీసి కుడివైపు, కుడిది ఎడమవైపు పెట్టాను. ఊగుడు ఎడమవైపే ఉంది. అంటే మీటరుది తప్పు కాదు. తర్వాత గవర్నర్లని అటుదిటు మార్చాను. ఈసారి ఎడమ సూది మేకు కొట్టినట్టు నిలబడింది, కుడి సూది ఊగడం మొదలుపెట్టింది. రోగం డబ్బాతోపాటే పక్కింటికి వెళ్లిందన్నమాట. డబ్బాలు మళ్లీ ఎక్కడివి అక్కడ పెట్టి విమానం రికార్డు పేపరు మీద అంతా రాశాను. స్టాంపు మాత్రం వేయలేదు. నా నంబరున్న స్టాంపు పడకపోతే విమానం కదలకూడదు.

పొద్దున్న గడియారం సారు పరుగున వచ్చాడు.

"ముప్పై చుట్లే కదమ్మా! గాల్లో కెప్టెన్ సర్దుకుంటాడులే."

"ఇవాళ ముప్పై సార్. లోపల ఏం పట్టేస్తోందో తెలియదు. బరువెక్కువైన రోజు వంద అయితే?"

"బోర్డు చూశావా? నలభై ఆరు! ఇంకో నాలుగు రోజులైతే యాభై!"

"బోర్డుకి రెక్కల్లేవు కదా సార్."

"నీకు నవ్వులాటగా ఉందా? ఎంతమంది ఎదురుచూస్తున్నారు, ఎన్ని ఉత్తరాలున్నాయి ఆ సంచిలో!"

"అందులో నాది కూడా వెళ్లాలి సార్."

పొడుగు కెప్టెన్ టోపీ తీసి నా టూల్‌పెట్టె మీద పెట్టి, టీ పోసుకుని కూర్చున్నాడు. ఆయన అలా కూర్చుంటే ఎగరనన్నట్టే.

కొత్త గవర్నర్ కోసం హెడ్డాఫీసుకి రేడియోలో చెప్పాం. అది పదిహేను రోజులకోసారి సరుకులు తెచ్చే లాంచీలోనే వస్తుంది, అంటే ఇరవై రెండున. అదే లాంచీ తిరిగి వెళ్తూ ఉత్తరాల సంచి కూడా తీసుకెళ్తుంది. అప్పటిదాకా నా మాటలు, నేను ఆపిన విమానం, రెండూ ఒకే కప్పు కింద. నవ్వొస్తోంది కదూ?

నీ మరదలు

*

జూన్ 19

మరదలా,

శుక్రవారం పోయింది. మంగళవారం పోయింది. నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు.

పోస్టాఫీసుకి వెళ్లి నిలదీశాను. కౌంటరులో పెద్దాయన, "విమానమే రాలేదమ్మా, ఆపేశారట" అన్నాడు. ఎప్పటినుంచి? పద్నాలుగు నుంచి! నా కాలమ్ ఏ రోజు వచ్చింది? పదిహేను! పత్రిక బజారులోకి రాకముందే ఎవరో ప్రెస్సులోంచి వాళ్ల చెవిన వేశారన్నమాట. నాకు విషయం కళ్లకి కట్టినట్టు అర్థమైపోయింది. నీ ఉత్తరాలు బయటికి రాకూడదని ఏకంగా విమానాన్నే ఆపేశారు!

మీ అన్న, "ఒక ఉత్తరాన్ని ఆపాలంటే ఉత్తరాన్ని ఆపుతారు గానీ, విమానాన్ని ఆపుతారటే?" అన్నాడు. "యాజమాన్యాల సంగతి మీకు తెలియదు, మీరు కాలర్లు చూసుకోండి" అన్నాను. కాలర్లే చూసుకుంటున్నాడు.

భయపడకు. ఈ శనివారం ఇంకో కాలమ్ వస్తుంది. "మెకానిక్ నోరు నొక్కడానికి విమానం గొంతు నొక్కారు." నిన్నొక్కదాన్ని వదలను. ఈ ఉత్తరం లాంచీలో పంపుతున్నాను, దాన్ని ఆపే దమ్ము వాళ్లకి లేదు.

రగిలిపోతూ,
వదిన

*

జూన్ 22

వదినా,

లాంచీ వచ్చింది. ఒకే సంచిలో, ఒకే రోజు, అన్నీ వచ్చాయి: నీ రెండు ఉత్తరాలు, నీ కాలమ్ ఉన్న పత్రిక, హెడ్డాఫీసు మెమో. పక్కనే చెక్కపెట్టెలో కొత్త గవర్నర్. అన్నింటికంటే చివర నీ ఉత్తరాలు చదివాను. ముందే చదివుంటే మెమో ఎందుకొచ్చిందో అర్థమయ్యేది.

వదినా, ఆ ప్రొపెల్లర్ గాల్లో ఆగలేదు. నేల మీద, చక్రాలకి దిమ్మలు పెట్టి, మేమే కావాలని ఫెదర్ చేశాం. అది పరీక్ష. అవసరమైన రోజున పనిచేస్తుందో లేదో ముందే చూసుకుంటాం. పనిచేసింది కాబట్టే ముచ్చటేసింది. ప్రయాణికుల్ని ఎక్కించుకుని ఎవరైనా అలాంటి పరీక్ష చేస్తారా? నేల మీద అని రాయలేదు, నిజమే, తప్పు నాదే అనుకో. అన్నం తిన్నానని రాసేటప్పుడు నోటితో తిన్నానని రాస్తామా?

విమానాన్ని ఆపింది కూడా యాజమాన్యం కాదు. నేను. పద్నాలుగున రాసిన ఉత్తరం దీంతోపాటే వస్తుంది, చదువు. నా నోరు ఎవరూ నొక్కలేదు, నా స్టాంపు నేనే నొక్కలేదు. నువ్వు నీళ్లకి అవతల కూర్చుని, నేను పట్టుబట్టి గెలిచిన గొడవని వాళ్లు నా మీద చేసిన కుట్రగా మార్చేశావు. ఆ రెండో కాలమ్ ఈపాటికి అచ్చయిపోయే ఉంటుంది. తలచుకుంటే ఏడుపొస్తోంది, నవ్వూ వస్తోంది.

మెమోలో ఏముందో చెప్పనా? జరగని ప్రమాదం గురించి పత్రికకి అబద్ధం చెప్పానట. నా స్టాంపు లాక్కున్నారు. జులై ఏడున ఆఫీసరు లాంచీలో వచ్చి విచారణ చేస్తాడు. గడియారం సారు అప్పుడే వాంగ్మూలం రాసిచ్చాడు: "గాల్లో ఇంజను ఆగిందని అబద్ధమాడిన మనిషి, సూది ఊగిందంటే ఎలా నమ్మడం?" విచారణలో నాది తప్పని తేలితే పాత డబ్బాతోనే ఇంకొకరి స్టాంపుతో ఎగరేస్తారు. కొత్త గవర్నర్ నా బల్ల మీదే ఉంది. బిగించడానికి నా చేతులకి హక్కు లేదు. పద్దెనిమిదేళ్లుగా ఒక్క తప్పుడు స్టాంపు వేయలేదు. నా స్టాంపు పోవడం ఒక సంగతి. ఆ డబ్బాతో పంతొమ్మిది మంది ఎగరడం ఇంకో సంగతి.

నా జూన్ తొమ్మిది ఉత్తరం పారేయలేదు కదా? అది కావాలి. గాల్లో అన్న మాట అందులో లేదని ఆఫీసరు కళ్లారా చూడాలి. దాంతోపాటు నీ సవరణ కూడా కావాలి. ఆవేశం వద్దు, ఏది తప్పో, ఎవరి తప్పో రాయి చాలు.

సూది సంగతి బాగా పట్టుకున్నావని కూడా చెప్పాలి. ఆ సగం నిజమే. అందుకే ఇంకా ఒళ్లు మండుతోంది.

ఇంకో మాట. ఇకమీదట నా ఉత్తరం రాకపోతే నన్నేదో చేశారనుకోకు. స్టాంపు పడలేదనుకో.

మరదలు

*

జులై 3

మరదలా,

మూడు రోజులుగా రాసి చింపుతున్నాను. నీ ముందు నిలబడి చెప్పడం నా వల్ల కాదు గనక కాగితం మీద చెబుతున్నాను. తప్పు నాదే. 'అనుకో' కాదు, నాదే. నేల మీదో గాల్లోనో ఒక్క ప్రశ్న అడిగితే సరిపోయేది. నాకు కోపం ముందొచ్చింది, ప్రశ్న రానేలేదు. ఇన్నేళ్లలో ఒక్క సవరణా వేయలేదని గొప్పలు పోయానే, ఇన్నేళ్లలో ఇంకెన్ని తప్పులు ఎవరూ అడగక అలాగే పడి ఉన్నాయో అని ఇప్పుడు వణుకు పుడుతోంది.

ఉత్తరం దొరికింది. మీ అన్న దాని వెనక ఎవరివో కొలతలు రాసుకున్నాడు. "చెరిపేయనా?" అన్నాడు. "ముట్టుకుంటే చేతులు విరుగుతాయి" అన్నాను. అలాగే పంపుతున్నాను.

సవరణ వేయాలని ఎడిటరుకి చెబితే కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "సవరణా? మీరా?" "నేనే. నా కాలమ్ ఉండే చోటే, అదే సైజు అక్షరాల్లో" అన్నాను. మూలన చిన్న డబ్బా కట్టిస్తానన్నాడు. దానిమీద గంట పోట్లాడాను. ఇరవై తొమ్మిదిన వచ్చింది. కాగితం జతచేశాను, ఇక్కడ కూడా రాస్తున్నాను:

"ప్రొపెల్లర్ గాల్లో ఆగిందని నేను రాసింది తప్పు. అది నేల మీద కావాలని చేసిన పరీక్ష. గాల్లో అని నాకు ఎవరూ చెప్పలేదు, నేనే ఊహించుకున్నాను. యాజమాన్యం విమానాన్ని ఆపిందని రాసింది కూడా తప్పు. ఆపింది మెకానిక్. ఎడమ గవర్నర్ చుట్లని నిలకడగా పట్టడం లేదని తేల్చుకుని, స్టాంపు వేయనని ఆపింది. నా రెండు తప్పులకీ శిక్ష ఆమెకి పడింది. ఆ హ్యాంగరులో 'ఆలస్యం లేకుండా ఇన్ని రోజులు' అని ఒక బోర్డు ఉంది. 'లోపం చూసి ఆపినవి ఇన్ని' అని రెండో బోర్డు ఎందుకు లేదో దాన్ని కొట్టించినవాళ్లు చెప్పాలి. ఈ చివరి మాట సవరణ కాదు."

చివరి వాక్యం తీసేయమని ఎడిటరు బతిమాలాడు. తీయలేదు. తప్పు చేసినంత మాత్రాన నోరు పడిపోలేదుగా!

పక్కింటావిడ ఫ్యానుకి నేనే స్టూలెక్కి నూనె వేశాను. కిర్రు ఆగింది. ఈ నెలలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

తలవంచుకుని,
వదిన

*

జులై 8

వదినా,

ఆఫీసరు లాంచీ దిగుతూనే ఉత్తరాల సంచి తనే విప్పించాడు. నా ఉత్తరం అందరి ముందూ పైకి చదివాడు. తెడ్డు, అన్నయ్య మిషను, చివరికి నా గవర్నర్ జోకు కూడా. దానికి నవ్వింది ఆయనొక్కడే. తర్వాత కాగితం వెనక్కి తిప్పి, "చెయ్యి ఇరవై రెండు, నడుము ముప్పై నాలుగు. ఇవి ప్రొపెల్లర్‌లో ఏ భాగం కొలతలు?" అన్నాడు.

"మా అన్నయ్య దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లవి సార్."

పొడుగు కెప్టెన్‌కి టీ పొలమారింది.

తర్వాత సవరణ చదివాడు. అది మాత్రం పైకి చదవలేదు. రెండుసార్లు లోపలే చదువుకుని, "ఈ చివరి ప్రశ్నకి మీ జవాబేంటండీ?" అని గడియారం సార్ని అడిగాడు. ఆయన గడియారం చూసుకున్నాడు.

"సరే, మాటలు చాలు, ఇంజను చెప్పనీ" అని ఆఫీసరు తనే కాక్‌పిట్‌లో కూర్చున్నాడు. పాత డబ్బాతోనే నడిపించాం. ఎడమ సూది నలభై ఊగింది. వినడానికే తేడాగా ఉంది వదినా, రెండు ప్రొపెల్లర్ల చుట్లు కలవక వూం... వూం... అని దగ్గరా దూరమూ అయినట్టు మోత. గడియారం సారు మీటరు అనబోయాడు. "మీటర్లు మార్చి చూసినట్టు ఈ పేపర్లో ఉంది, గవర్నర్లు మార్చినట్టూ ఉంది. మీరు ఇది చదివారా?" అన్నాడు ఆఫీసరు. ఆయన చదవలేదు.

నా స్టాంపు నాకు తిరిగిచ్చారు. పాత డబ్బా సీలు విప్పడం మా పని కాదు, వర్క్‌షాపుకి పంపుతున్నారు. కొత్తది నేనే బిగించాను, ఇవాళ మధ్యాహ్నం నడిపి చూశాం. రెండు సూదులూ కదల్లేదు. గంటసేపు ఊరికే చూస్తూ నిలబడ్డాను.

ఇంటికి రాసే ఉత్తరాల్లో పని సంగతులు రాయకూడదని ఒక హెచ్చరిక కాగితం కూడా ఇచ్చారు. అందుకే ఈ ఉత్తరంలో ఏమీ రాయలేదు, గమనించే ఉంటావు.

బోర్డు మీద నలభై ఆరుని చెరిపేసి గడియారం సారు సున్నా వేశాడు. దాని కింద, చాలా చిన్న అక్షరాల్లో, "లోపం చూసి ఆపినవి: 1". సుద్దముక్క అరిగిపోతుందన్నట్టు రాశాడు. అయినా రాశాడు.

శుక్రవారం విమానంలో సీటు ఖాళీ ఉందట. మాటలొద్దు, ఎక్కు. కుడివైపు కూర్చుంటే నీళ్లు బాగా కనిపిస్తాయి.

నీ స్పానరు

*

జులై 12, విమానంలో

మరదలా,

ఎడమవైపే కూర్చున్నాను. ఆ ప్రొపెల్లర్ సరిగ్గా నా కిటికీ పక్కన ఉంది. నీళ్లు ఇంకో రోజు చూస్తాను.

మీ అన్న నీకో పని చొక్కా కుట్టాడు, ఆరు జేబులతో. సంచిలో ఉంది. చేతుల కొలత దేన్ని బట్టి పెట్టాడో అడగకు.

బయలుదేరేముందు పొడుగు కెప్టెన్ అందరినీ పలకరిస్తూ నా దగ్గర ఆగాడు. "మీరేనా, విమానం గొంతు నొక్కించింది?" అన్నాడు. బొటనవేలు చూపించాను.

పరుగు మొదలైంది. నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. బస్సులోలాగా మోత పెరిగి పెరిగి కీచుమంటుందనుకున్నాను. కాసేపు పెరిగింది, తర్వాత ఒక చోట ఆగిపోయింది. కెప్టెన్ బలం ఇంకా పెంచుతూనే ఉన్నాడు, నాకు తెలుస్తోంది, వీపు సీటుకి అతుక్కుపోతోంది, కానీ ప్రొపెల్లర్ గొంతు మాత్రం ఒక్క పిసరు కూడా లేవలేదు. బ్లేళ్లు మాత్రం అక్కడ గాలిని దండిగా కరుస్తున్నాయన్నమాట. నువ్వు రాసింది అక్షరాలా అలాగే ఉంది. ఈసారి నా అంతట నేనేమీ కలపలేదు.

దీని మీద కూడా ఒక కాలమ్ రాస్తాను. ఉలిక్కిపడకు. ముందు నీకే చూపిస్తాను. నువ్వు స్టాంపు వేస్తేనే అచ్చుకి వెళ్తుంది. ఆ బోర్డు మీద మాత్రం నీతో పోట్లాడాల్సింది చాలా ఉంది. చిన్న అక్షరాలేంటి? పై లైను సైజులోనే ఉండాలి. దిగగానే ఆ గడియారాన్ని అడుగుతాను.

అరగంట నుంచి వింటున్నాను, ఆ వూం... వూం... లేదు. రెండూ ఒకే గొంతుతో పోతున్నాయి. కింద నీ రన్‌వే కనిపిస్తోంది. హ్యాంగరు ముందు ఎవరో చేతులు తుడుచుకుంటూ పైకి చూస్తున్నారు. నువ్వే.

ఉత్తరం రాకపోతే స్టాంపు పడలేదనుకోమన్నావు. ఇదిగో, వస్తోంది. దీన్ని పట్టుకుని నేనూ వస్తున్నాను.

వదిన